చౌడేశ్వరి టీచరు ఈతబడి

చౌడేశ్వరి తొలిసారి కృష్ణలోకి దిగేనాటికి ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్లు. సరదా కొద్దీ దిగింది కాదు. రోజంతా నిలబడి పాఠాలు చెప్పీ చెప్పీ నడుం పట్టేస్తే, డాక్టరు మాత్రలు రాసిచ్చి, "వీటికంటే ఈత మంచిదమ్మా" అన్నాడు. ఆ ఆదివారం తెల్లవారేసరికి ఆమె విజయవాడలో నది ఒడ్డున నిలబడి ఉంది.

ఘాట్‌లో రోజూ ఈదే పెద్దవాళ్లు కొందరున్నారు. వాళ్లలో రామకోటేశ్వరరావు అనే రిటైర్డు రైల్వే గార్డు ఆమె అవస్థ చూసి దగ్గరికొచ్చాడు.

"నీళ్లతో కుస్తీ పట్టకమ్మా. నువ్వు బిగుసుకుంటే ముంచుతాయి, ఒళ్లు వదిలేస్తే మోస్తాయి" అన్నాడు.

ఆమె వదిలేసింది. నీళ్లు మోశాయి. ఆమె కాళ్లాడించే తీరు చూసి ఆ పెద్దాయనే ఆశ్చర్యపోయాడు.

"ఈ కాళ్లకి ఇంత ఊపు ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?"

"పెడనలో మగ్గం తొక్కిన కాళ్లండీ ఇవి" అంది చౌడేశ్వరి నవ్వుతూ.

అది నిజమే. తండ్రి వెంకటప్పయ్య చీరలు నేసేవాడు. బడి నుంచి రాగానే పుస్తకాలు అటకెక్కించి, చీకటి పడేదాకా ఆమె కూడా మగ్గం గుంటలో కూర్చునేది. అలాగే చదివి, జీవశాస్త్రం టీచరై, కూచిపూడి దాటాక కాలువ గట్టున ఉన్న ఒక ఊరి హైస్కూల్లో చేరింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు అడిగి అడిగి మానేశారు. వారమంతా ఆ ఊళ్లోనే అద్దె ఇంట్లో ఉండేది. శనివారం సాయంత్రం బస్సెక్కి విజయవాడలో తమ్ముడు దేవేంద్ర ఇంటికి వచ్చేది.

నడుం నొప్పి పోయింది, ఈత పిచ్చి పట్టుకుంది. ఏడాది తిరిగేసరికి ఏటికి అడ్డంగా ఈది అవతలి ఒడ్డు తాకి వచ్చింది. తర్వాత సైకిలు కొనుక్కుని కరకట్ట మీద తొక్కడం మొదలెట్టింది. సెలవులొస్తే కొండపల్లి కొండలెక్కేది. సోమవారం క్లాసులో ఊపిరితిత్తుల పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్లి, గాలి బిగపట్టమని, మెల్లగా వదలమని, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకోమని చెప్పేది. ఆ పాఠం మర్చిపోయిన పిల్లలు లేరు.

ఆమె విజయవాడలో ఉన్న ఒక ఆదివారమే బడి ఉన్న ఊళ్లో ఘోరం జరిగింది. తొమ్మిదో తరగతి చదివే శాలిని కాలువ రేవులో బట్టలుతుకుతూ కాలుజారి పడిపోయింది. గట్టు మీద ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కరికీ ఈత రాదు. ఎవరో చీర విసిరారు, అందలేదు. ఈత వచ్చిన మగపిల్లలు బడి మైదానంలో క్రికెట్ ఆడుకుంటున్నారు. వాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ కబురు ఫోనులో విన్నప్పుడు చౌడేశ్వరి జుట్టు ఇంకా ఆరలేదు. అప్పుడే నదిలోంచి వచ్చి కాఫీ తాగుతోంది. గ్లాసు కింద పెట్టి బస్టాండుకు బయల్దేరింది. శాలిని తల్లి తెరేసమ్మ పొలం పనులకు వెళ్లే మనిషి. చౌడేశ్వరి చేరేసరికి ఆమె గుమ్మంలో ఉంది. చిన్నకూతురు స్టెల్లాను ఒళ్లోకి లాక్కుని, ఊపిరాడనంత గట్టిగా పట్టుకుని కూర్చుంది.

వారం తర్వాత చౌడేశ్వరి హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది.

"సార్, ఆడపిల్లలకి ఈత నేర్పుతాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ మనసు నాకు తెలుసు మేడమ్. రేపు ఏదన్నా అయితే పైవాళ్లకి నేనేం చెప్పుకోను? బడి పేరు మీద వద్దు."

"బడి పేరు అక్కర్లేదు సార్. ఆదివారాలు నావే కదా. ప్రతి పిల్లతోనూ ఇంటి మనిషి ఒకరు వచ్చి గట్టున కూర్చోవాలని చెప్తాను. మీరు కాదనకపోతే చాలు."

ఆయన కాదనలేదు. అవుననీ అనలేదు.

కాలువలో ప్రవాహం జోరెక్కువ, కొత్తవాళ్లకు పనికిరాదు. చేపల చెరువులున్న రైతు వెంకటకృష్ణారావును అడిగింది. చేపపిల్లలు పెంచే చిన్న చెరువొకటి ఆ ఏడు ఖాళీగా ఉంది. నీళ్లు పెడితే పెద్దవాళ్లకు ఛాతీ లోతు.

"వాడుకో టీచరమ్మా. గట్టు తొక్కి పాడుచేయకుండా చూసుకో" అన్నాడాయన. ఆటోనగర్‌లో టైర్ల షాపు నడిపే దేవేంద్ర, పాత లారీ ట్యూబులకు ప్యాచీలు వేసి బస్సు మీద పంపాడు.

మొదటి వారం పిల్లలు బాగానే వచ్చారు. రెండో వారానికి గొడవ లేచింది. ఒకావిడ చౌడేశ్వరిని పక్కకు పిలిచి, దళితవాడ పిల్లల వైపు చూస్తూ, "పేట పిల్లలూ మన పిల్లలూ ఒకే నీళ్లలోనా అండీ?" అంది.

"అందరూ మునిగే నీళ్లు ఒకటేనండీ" అంది చౌడేశ్వరి. అంతకు మించి వాదించలేదు. ఇద్దరు తల్లులు పిల్లల్ని మానిపించారు. మిగిలినవాళ్లతోనే ఆమె పాఠం సాగించింది.

స్టెల్లా ప్రతి ఆదివారం దూరంగా తుమ్మచెట్టు కింద నిలబడి చూసేది. ఒకనాడు తెరేసమ్మ వచ్చి పిల్ల రెక్క పుచ్చుకుని బరబరా లాక్కెళ్లిపోయింది. చౌడేశ్వరి అడ్డుపడలేదు. మరునాడు సాయంత్రం ఇంటికెళ్లి అరుగు మీద కూర్చుంది.

"నీళ్ల మాటెత్తకండి టీచరు గారూ" అంది తెరేసమ్మ, బియ్యంలో రాళ్లేరుతూనే.

"సరే, ఎత్తను."

చౌడేశ్వరి కూడా చాట మీదికి వంగి రాళ్లేరింది. తర్వాత తెరేసమ్మే మొదలెట్టింది.

"నా పిల్ల కొట్టుకుపోతా ఉంటే నేను రేవులోనే ఉన్నానండీ. మొలలోతు దాకా దిగాను. ఆపైన కాళ్లు రాలేదు. అందరూ నన్ను పట్టుకుని ఆపారని చెప్పుకుంటారు. ఎవరూ పట్టుకోలేదు. నేనే ఆగిపోయాను."

నీ తప్పు కాదు అనడం తేలిక. ఆ మాట ఆ తల్లికి అప్పటికే ఊరంతా చెప్పింది.

"నేను నేర్పుతాను తెరేసమ్మా, స్టెల్లాకి" అంది.

"దానికి కాదు." తెరేసమ్మ చాట పక్కన పెట్టింది. "ముందు నాకు నేర్పండి. నాకొచ్చాకే దాన్ని దింపుతాను. రాకపోతే అదీ దిగదు."

చెప్పినంత తేలిక కాలేదు. నీళ్లు గడ్డం తాకితే చాలు, తెరేసమ్మ కొయ్యబారిపోయేది. చౌడేశ్వరి ఆమెను చెరువులోంచి బయటికి రమ్మని, ఇంట్లో బేసిన్ నిండా నీళ్లు పోసుకుని, రోజూ పొద్దున్నే మొహం ముంచి బుడగలు వదలమంది. పొలానికి వెళ్లేముందు తెరేసమ్మ ఆ పని చేసేది. ఇరుగుపొరుగు నవ్వారు. ఆమె తలెత్తి చూడలేదు. చెరువులో చౌడేశ్వరి ఆమె వీపు కింద అరచెయ్యి పెట్టి, "ఆకాశం చూడు. ఊపిరి వదులు. చెయ్యి ఇక్కడే ఉంది" అంటూ నిలబడేది. పంట కోతలయ్యి, మినుములు పీకే రోజులొచ్చాక, ఒకనాడు ఆ చెయ్యి అక్కడ లేదు. తెరేసమ్మ తేలుతూనే ఉంది. తెలిశాక కెవ్వుమని అరిచి, మునిగి, లేచి, ఉమ్మేసి, "మళ్లీ" అంది.

వేసవి మొదట్లో చౌడేశ్వరికి దెబ్బ తగిలింది. కరకట్ట మీద సైకిలు తొక్కుతుంటే ట్రాక్టరు రాసుకుపోయింది. భుజం ఎముక విరిగింది. కొన్ని నెలలు ఈత మాట తలపెట్టొద్దన్నాడు డాక్టరు.

"ఈ ఏటికి ఆపెయ్యక్కా, ప్రాణం మీదికి తెచ్చుకోకు" అన్నాడు దేవేంద్ర.

"ఇప్పుడు ఆపితే వాళ్లు మళ్లీ రారు. నన్ను బస్సెక్కించు చాలు" అంది.

చెయ్యి మెడకు కట్టుకుని, మరో చేత్తో విజిల్ పట్టుకుని చెరువు గట్టు మీద నిలబడింది. కానీ గట్టు మీంచి చెప్తే పిల్లలకు ధైర్యం చాలడం లేదు. నీళ్లలో పట్టుకునే మనిషి కావాలి. పిల్లలు బిక్కమొహాలేసుకుని చూస్తుంటే, తెరేసమ్మ కొంగు నడుముకు బిగించి చెరువులోకి దిగింది.

"ఎట్టా పట్టుకోవాలో చెప్పండి టీచరు గారూ."

"పొట్ట కింద చెయ్యి. గట్టిగా వద్దు. ఆనీ ఆననట్టు."

ఒక్కొక్క పిల్లనూ అలాగే పట్టుకుంది. భయపడిన పిల్ల ఆమె మెడను వాటేసుకుంటే విదిలించుకోలేదు. "ఏం కాదు, నాకూ ఇట్టాగే ఉండేది" అంది. పిల్లలకు ఆ మాట టీచరు మాటకంటే బాగా పనిచేసింది. ఎప్పుడూ భయపడని మనిషిలా కనిపించే తను ఆ మాట అంటే పిల్లలు నమ్మరని చౌడేశ్వరికి అర్థమైంది. చివర్లో తెరేసమ్మ గట్టు వైపు తిరిగి, "స్టెల్లా, రా" అని పిలిచింది. ఆ పిల్ల ఎన్నాళ్ల నుంచో ఆ పిలుపు కోసమే కాచుకున్నట్టు ఒక్క దూకు దూకింది. తల్లి తిట్టింది. తిడుతూనే పొట్ట కింద చెయ్యి పెట్టింది.

కాలువలకు నీళ్లొదిలాక ఊళ్లోవాళ్లే ప్రతి రేవు దగ్గరా తాడు కట్టిన లారీ ట్యూబొకటి వేలాడదీశారు. మానిపించిన తల్లుల్లో ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. చౌడేశ్వరి ఏమీ గుర్తుచేయకుండా ఆ పిల్ల పేరు అడిగి, వరసలో నిలబెట్టింది. హెడ్మాస్టరు తన మనవరాలిని పంపాడు. గట్టున ఇంటి మనిషిగా ఆయనే వచ్చి కూర్చున్నాడు.

భుజం అతుక్కుంది గానీ చెయ్యి మునుపటంత పైకి లేవదు. చౌడేశ్వరి బాధపడింది, కొన్నాళ్లు చిరాకు పడింది, ఆపైన చేతి తీరు మార్చుకుని మళ్లీ ఏరు ఈదింది. వెనకటికంటే చాలా ఆలస్యంగా అవతలి ఒడ్డు చేరింది. చేరింది.

కిందటేడు బదిలీల్లో ఆమెను దివిసీమ వైపు వేశారు. వెళ్లేముందు విజిల్ తీసి తెరేసమ్మ చేతిలో పెట్టబోతే, ఆమె తన మెడలో ఉన్న కొత్త విజిల్ చూపించింది. అవనిగడ్డ సంతలో కొనుక్కుందట.

"మీది మీరుంచుకోండి. అక్కడా పిల్లలుంటారుగా" అంది.

ఇప్పుడా చెరువులో ఆదివారాలు తెరేసమ్మ చెప్తుంది, స్టెల్లా చిన్నపిల్లల్ని పట్టుకుంటుంది. కొత్త బడిలో చౌడేశ్వరి ఇంకా గొడవల దశలోనే ఉంది. అక్కడి హెడ్మాస్టరు ససేమిరా అంటున్నాడు, చెరువు ఇచ్చే రైతు దొరకలేదు. ఆమె వారం వారం సైకిలు మీద ఒక్కో రైతు ఇంటికీ వెళ్లి అడుగుతూనే ఉంది.