కంచె పడకముందు ఒక రోజు

ఉదయం ఆరుంబావుకు కావలిలో నెల్లూరు బస్సు ఎక్కాను. ముందురోజు వచ్చిన రెండు ఫోన్లు నన్ను సరిగా నిద్రపోనివ్వలేదు.

మొదటిది తోటపల్లి గూడూరు మండలంలోని రైతు రమణయ్యది. ఆయన ఇంటికి వైరింగు చేసింది నేనే. "మస్తానూ, మా ఊరి బీడులో సోలార్ పెడతారంట. రేపు మీటింగు. నువ్వు రాజస్థాన్‌లో ఆ పనే చేసినావు గదా, వచ్చి చూసింది చెప్పు" అన్నాడు. రెండోది ఆ సోలార్ పెట్టే కంపెనీ ఇంజినీరుది, నా రాజస్థాన్ పని గురించి రమణయ్య ద్వారా విన్నాడట. "మీటింగుకు వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పు. సైట్ మొదలైతే సూపర్‌వైజర్‌వి నువ్వే."

మూడేళ్లుగా ఎడారిలో ప్యానెళ్లు బిగిస్తున్నాను. ఏడాదికి రెండుసార్లే ఇల్లు చూస్తాను, ఇప్పుడూ సెలవు మీదే వచ్చాను. ఇంటికి రెండు మూడు గంటల దూరంలో ఉద్యోగమంటే చిన్న మాట కాదు.

ఏడున్నర దాటాక నెల్లూరులో దిగాను. బస్టాండు ఎదుట కారం దోశ చెప్పాను గానీ సగం వదిలేశాను. ఎనిమిదింటికి తోటపల్లి గూడూరు బస్సు. పక్క సీటులో ఒక పెద్దామె, పట్నంలో పాలు పోసి ఖాళీ క్యానుతో తిరిగి వెళుతోంది. పేరు కోటమ్మ. నేను మీటింగుకే అని తెలిసి నా వైపు తిరిగింది.

"నేనూ ఆడికే నాయనా. పదకొండు బర్రెలుండాయి నాకు. ఆ బీడు పోతే వాటిని యాడ మేపేది?"

నన్ను కంపెనీవాళ్లు కూడా పిలిచారని ఆమెకు చెప్పలేకపోయాను. వరి చేలు దాటి రొయ్యల గుంటలు వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదికి దిగి, షేర్ ఆటోలో ఊరు చేరాను. ఊరి పేరు రాయను, వ్యవహారం ఇంకా తెగలేదు. రమణయ్య నన్ను బీడు దగ్గరికి తీసుకెళ్లాడు. సముద్రపు గాలి, ఉప్పు తేలిన నేల, మధ్యమధ్య పచ్చిక. అప్పటికే సర్వే రాళ్లు పాతేశారు.

"పక్కన నా మూడెకరాలూ చవుడే. కంపెనీకి కౌలుకిస్తే నాకు మేలే. కానీ ఊరు రెండు ముక్కలైంది" అన్నాడు.

పదింటికి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద మీటింగు. మొదలవగానే అరుపులు. ఒకాయన కుర్చీ తన్ని లేచాడు. ఇంజినీరు మైకు తీసుకున్నాడు. "ప్రపంచంలో పెద్ద సోలార్ ప్లాంట్లు చాలావరకు ఇలాంటి ఖాళీ నేలల్లోనే, ఎడారుల్లోనే కట్టారు. ఇతను అక్కడ పనిచేశాడు. చెప్పు మస్తాన్."

లేచాను. కోటమ్మ ముందు వరసలో నేల మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"కరెంటు వస్తాది, అబద్ధం కాదు. కట్టేటప్పుడు వందల మందికి పని. కట్టినాక వాచ్‌మెన్లు, ప్యానెళ్లు కడిగేవాళ్లు, ఇంకొంతమంది, అంతే." ఇంజినీరు ముఖం బిగుసుకుంది. ఆపేయవచ్చు. ఆపలేదు. "ఎడారి కూడా ఖాళీగా లేదు. మేకలోళ్లు నీళ్లకాడికి పోయే దారి మా కంచె లోపల పడింది. వాళ్లొచ్చి నిలబడినారు. కాగితంలో దారి లేదని మా సార్లు గేటు తీయలేదు. ఆ కంచె బిగించినోళ్లలో నేనూ ఉండా. బర్రెల దారి, మేత నేల ఒప్పందం కాగితంలో రాయించుకున్నాకే సంతకాలు పెట్టండి."

రమణయ్య లేచాడు. తిడతాడనుకున్నాను.

"అది రాసినాకే నా సంతకం" అన్నాడు.

ఇంజినీరు ఫైలు మూసి, పైవాళ్లను అడగాలన్నాడు. కారెక్కుతూ నన్ను పిలిచి మెల్లగా చెప్పాడు: "ఇక్కడ నీకు పని లేదు, మస్తాన్."

రమణయ్య ఇంట్లో అన్నం తిని, మూడింటి బస్సుకు బయలుదేరాను. ఆ తీరం చూడాలనుకునేవారు పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరితే బీడులో నిలబడలేరు. బర్రెలు మేతకు వచ్చేదీ పొద్దున్నే. నెల్లూరు చేరేలోపు మా ఆవిడకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"మళ్లీ రాజస్థాన్‌కి ఎప్పుడు?" అంది.

"పదో తేదీ."

"ఈసారి ఆ మేకలోళ్లు కనపడితే, దారి గురించి మీ సార్లను నువ్వే అడుగు" అంది.