జిమ్మీ భోజనానికి నేపథ్య శబ్దం

కోడంబాక్కం చరిత్ర రాసినవారు ఏ స్టూడియో ఎప్పుడు వెలిసిందో రాశారు, ఏది ఎప్పుడు కూలి కల్యాణ మండపమయిందో కూడా రాశారు. కాని రైల్వే స్టేషను వెనక వీధిలో బాలసుందరం అనే పెద్దమనిషి రోజూ దీపాలు పెట్టే వేళకు వంటింటి గడప దగ్గర చాప పరుచుకుని, స్టీలు బేసినులో నానిన సగ్గుబియ్యాన్ని తడిగుడ్డతో పిసకడం ఎప్పుడు ఆరంభించాడో ఎవరూ నమోదు చేయలేదు. ఇంతటి ఘట్టాన్ని వదిలేసిన చరిత్రను చరిత్ర అనడానికి మనసొప్పదు. అందుకని ఈ నాలుగు మాటలు.

ఘట్టానికి కారకురాలు జిమ్మీ. గుప్పెడు ఒళ్ళు, తెల్లటి బొచ్చు, మహారాణి వాలకం. మేడమీద అద్దెకుండిన పరిమళ అంబత్తూరుకు ఇల్లు మారుతూ, అక్కడి ఇంటాయన కుక్క కూడదన్నాడని, దాన్ని బాలసుందరం భార్య కమలాంబ ఒళ్ళో పెట్టింది. తాను తెచ్చుకుని నెలయినా కాలేదట, దాని సంగతులు తనకూ పెద్దగా తెలియవట.

"రొంబ సమత్తు ఆంటీ, చానా బుద్ధిమంతురాలు. ఎంత గోల జరిగినా బెదరదు," అని మాత్రం సర్టిఫికెట్టు ఇచ్చిపోయింది.

అది నిజమే. ఆ దీపావళికి వీధిలో కుక్కలన్నీ ఆటోల కింద దూరి వణుకుతుంటే, జిమ్మీ సోఫా మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. దాని ధైర్యానికి వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. పిలిస్తే పలికేది కాదు. అంతటి ధైర్యవంతులు పిలవగానే పరిగెత్తుకు రారు కదా అని అందరూ సరిపెట్టుకున్నారు.

చిక్కంతా తిండి దగ్గర వచ్చింది. కమలాంబ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె వంటను వద్దన్నవారు లేరు. అత్తగారు సైతం ఉప్పు ఎక్కువైందనేది గాని పళ్ళెం తోసేది కాదు. జిమ్మీ తోసింది. ముక్కుతో, మర్యాదగా, గోడదాకా తోసింది. పెరుగన్నం అలా వెళ్ళింది. ఉడికించిన కోడి కార్జం వెళ్ళింది. కొట్లో కొన్న బిస్కెట్లను మాత్రం తోయకుండా ఒక్కొక్కటే తీసుకెళ్ళి బాలసుందరం దిండు కింద భద్రపరిచింది.

"ఏమే, ఇంకేం గావాల నీకు?" అని కమలాంబ దాని ఎదుట చతికిలబడేది. "కార్జం పెడితి, గుడ్డు పెడితి, ఈయనకని దాచిన వంజరం చేప ముక్క గూడా పెడితి. నా మీద ఏంది నీకు కోపం?"

"నాకని దాచిందా?" అనేవాడు బాలసుందరం కుర్చీలోంచి. ఆ రోజుల్లో ఆయన మాట్లాడిందే తక్కువ. మాట్లాడితే ఇలాంటివి.

పక్కటెముకలు చేతికి తగలడం మొదలయ్యాక ఇద్దరూ దాన్ని గంపలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు రంజిత చిన్నపిల్ల, నిమ్మళంగా మాట్లాడుతుంది. కడుపు నొక్కి చూసింది, నోరు తెరిచి చూసింది.

"లోపల జబ్బేం లేదు ఆంటీ. కొన్ని ఇట్టనే ఉంటాయి. ఒంటిగా తినవు. పక్కన ఇంకో కుక్క తింటా ఉంటే పోటీకి తింటాయి. ఒక వారం చూద్దాం. అప్పటికీ తినకుంటే డ్రిప్ పెట్టాల. తర్వాత, నాలుగు కుక్కలుండే ఇంటికి ఎవరికన్నా ఇచ్చేస్తేనే అది బతుకుతాది."

కమలాంబ దారి పొడుగునా గంపను గుండెకు అదుముకునే కూర్చుంది. ఆటో దిగేటప్పుడు, "ఇయ్యను," అంది, ఎవరూ అడగకపోయినా.

బాలసుందరం గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన జీవితమంతా రికార్డింగు థియేటర్లో చప్పుళ్ళు చేశాడు. తెరమీద ఏ హీరో మెట్లెక్కినా ఎక్కింది బాలసుందరమే. ఏ హీరోయిన్ గాజులు గలగలమన్నా అవి ఆయన ముంజేతి గాజులే. విలన్ల చెంపలు పగలడానికి తన సొంత తొడలు వాచిపోయాయి, వాళ్ళ ఎముకలు విరగడానికి వేలకొద్దీ అప్పడాలు నలిగాయి. తరువాత కంప్యూటర్లు వచ్చాయి. సూర్య అనే కుర్ర ఇంజనీరు చేతులు కట్టుకుని చెప్పాడు: "సార్, గుర్రం, వాన, చెంపదెబ్బ, అన్నీ కంప్యూటరు లైబ్రరీలో ఉండాయి సార్. మీకెందుకు శ్రమ?" అవమానించాడనడానికి లేదు, కాఫీ కూడా ఇప్పించాడు. బాలసుందరం ఆ కాఫీ తాగి ఇంటికి వచ్చాడు. ఆ తరువాత ఆయన చెప్పులు విడిచినా చప్పుడయ్యేది కాదు.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం ఆయన ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచాడు.

"ఏమే కమలా, పక్కన ఇంకో కుక్క తినే చప్పుడే గదా గావాల? దానికి కుక్కెందుకు?"

అటక మీద గోనెసంచి దిగింది. అందులోంచి కొబ్బరి చిప్పలు, తుప్పుపట్టిన తాళాలగుత్తి, పాత స్పాంజీలు బయటపడ్డాయి. ఆయన వంటింట్లోకి వెళ్ళి డబ్బాలు వెదికాడు.

"గంజితో జేస్తే పిల్లి తిన్నట్టుంటాది. కుక్కకి సగ్గుబియ్యమే."

"మనుషులకి పాయసానికి లేదు, ఈడ కుక్క చప్పుడికి సగ్గుబియ్యమా!" అంది కమలాంబ, నానబోస్తూనే.

సగ్గుబియ్యం నానాక ఆయన చాప మీద కూర్చున్నాడు. థియేటర్లో మొదటి టేకుకు ముందు మైకు స్టాండును తాకి కళ్ళకద్దుకోవడం ఆయన అలవాటు. ఇప్పుడు బేసిను అంచును తాకి కళ్ళకద్దుకున్నాడు. తరువాత మోకాళ్ళ మీదికి వంగి, తల బేసినులో పెట్టి, తడిగుడ్డ పిసుకుతూ, ముక్కుతో బుసకొడుతూ, భుజాలు ఆడిస్తూ, ఆకలిగొన్న కుక్క అయిపోయాడు. కళాకారుడు సగం పని చేయడు కనుక మధ్యమధ్య నాలుగు గింజలు నిజంగానే నమిలాడు.

జిమ్మీ సోఫా దిగింది. దగ్గరికి వచ్చి ఆయన ముఖంలోకి చూసింది. బేసినులోకి చూసింది. వెనక్కి తిరిగి తన పళ్ళెం దగ్గరికి పోయి, కార్జం కలిపిన అన్నం ఆబగా తినసాగింది.

"ఏమయ్యా, తింటా ఉండాది! పెరుమాళ్ళా, తింటా ఉండాది!"

"ష్," అన్నాడు బాలసుందరం తల ఎత్తకుండా. "టేకు నడస్తా ఉండాది."

వారం గడిచేసరికి డ్రిప్ మాట ఎత్తేవారు లేరు. నెల తిరిగేసరికి పక్కటెముకలు కనుమరుగయ్యాయి. కమలాంబ శుక్రవారం దీపారాధనలో దేవుడికి, డాక్టరుకు, సగ్గుబియ్యానికి వరసగా దండం పెట్టి చివర భర్త వైపు కూడా ఒకసారి చూసేది. ఆయన సంగతి చెప్పక్కర్లేదు. చెప్పులు మళ్ళీ టపటపలాడాయి. రోజుకొక హంగు చేర్చేవాడు. తాళాలగుత్తితో మెడగొలుసు గలగల, అరచేతితో తోక నేలకు కొట్టడం, ఒకనాడు రెండు కుక్కల కొట్లాట. పళ్ళెం ఖాళీ అయ్యాక జిమ్మీకి చేతులు జోడించి, "రొంబ థాంక్స్ మా," అనేవాడు.

అగ్నిపరీక్ష చూలై పేట నుంచి వచ్చింది. కమలాంబ తమ్ముడు కన్నియప్పన్ అక్కడ కొత్త వర్క్‌షాపు తెరుస్తూ బావ రాకపోతే రిబ్బను కత్తిరించనన్నాడు. బాలసుందరం ముందురోజే తన చప్పుడంతా ఫోనులో పట్టి, ఆ ఫోనును భార్యకిచ్చి, పళ్ళెం పక్కన పెట్టి మోగించమని, దేనికైనా మంచిదని ఆమె ఫోను తాను తీసుకుని వెళ్ళాడు. విందులో ఆకు ముందు కూర్చున్నాడో లేదో పిలుపు వచ్చింది.

"పక్కింటోళ్ళు ఏంది గోల అని అడిగిపోయిరి. అంత గట్టిగా పెట్టినా. ఇది మాత్రం తిరిగి గూడా చూడ్లేదయ్యా. పళ్ళెం గోడకాడికి పోయింది."

ఆయన ఆకు మడిచాడు. "అయ్యో బావా, వడ గూడా రాలేదే ఇంకా!" అని కన్నియప్పన్ వీధి దాకా వెంటపడ్డాడు. ఎగ్మూరులో రైలు పట్టుకుని, ఇంట్లో అడుగుపెట్టి, చొక్కా అయినా విప్పకుండా ఆయన చాప మీద వంగాడు. జిమ్మీ వచ్చింది, చూసింది, తినేసింది.

బాలసుందరం తడిగుడ్డ పిండి బేసిను అంచున ఆరేశాడు.

"చూసినావా కమలా? రికార్డింగని తెలిసిపోయిందే దానికి! ఆ కంప్యూటరు పిలగాడికి తెలీంది ఈ నోరులేని దానికి తెలిసింది. ఇన్నేండ్లు జేసినా, ఒక్కరన్నా విన్నారో లేదో నాకు తెలీదు. ఇది విన్నాది."

మర్నాడు టీకొట్టు దగ్గర ఈ సంగతి సభాముఖంగా వెల్లడైంది. టీకొట్టు ఆనందన్ గ్లాసు అందిస్తూ, "కరెక్టే అన్నా. కుక్క చెవి ముందర ఏ మిషనూ నిలవదు," అని తీర్పు చెప్పాడు. ఎవరో సూర్య పేరెత్తితే బాలసుందరం చెయ్యి అడ్డం పెట్టాడు. గెలిచినవాడి దయ అది.

ఆ తరువాత టీకా వేయించే రోజు వచ్చింది. వంగి వంగి బాలసుందరానికి మోకాళ్ళు పట్టేశాయి కనుక కమలాంబ ఒక్కతే గంప ఎత్తుకుని వెళ్ళింది. జరిగిన విశేషాలన్నీ విని డాక్టరు రంజిత తెగ సంతోషించింది. జిమ్మీని బల్ల మీద నిలబెట్టి టీకా వేసింది. తరువాత ఏదో తోచినట్టు ఆగి, దాని తల వెనక గట్టిగా చప్పట్లు కొట్టింది. స్టీలు ట్రే తెప్పించి, వెనకనే నేల మీద పడేసింది. బయట కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. జిమ్మీ గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడింది. డాక్టరు కమలాంబ పక్కన కూర్చుని నెమ్మదిగా రెండు ముక్కలు చెప్పింది.

కమలాంబ ఇంటికి వస్తూ కొట్టు దగ్గర ఆటో ఆపించి కిలో సగ్గుబియ్యం కొంది.

"ఏమన్నాది డాక్టరమ్మ?" అని అడిగాడు బాలసుందరం గడపలోనే.

"బాగుండాది అన్నాది. నువ్వు పక్కన గూచుని చేసేది మాత్రం ఎప్పుడూ నిలపొద్దు అన్నాది."

"ఆమె చదువుకున్న పిల్ల. తెలుస్తాది," అని ఆయన తృప్తిగా చాప దులిపాడు.

డాక్టరు చెప్పిన రెండో ముక్క, జిమ్మీకి పుట్టుకతోనే రెండు చెవులూ వినిపించవని.