బయమ్మ కయ్యలో గ్లాడియోలస్

బయమ్మకు నవ్వొచ్చిందంటే ఆపడం ఊర్లో ఎవురి తరమూ కాదు. సావింట్లో కూడా నోట్లో కొంగు కుక్కుకోని గోడవైపు తిరిగి నిలబడే రకం. మొగుడు ఎర్రన్న అచ్చంగా ఎదురు. ఆయన నవ్వు చూడల్లంటే ఒకే దారి ఉండాది. శెనక్కాయ చేన్లో చెట్టు పీకి, మన్ను దులిపి, కింద గుత్తులుగా కాయలు పట్టింటే అప్పుడు చూడల్ల. వాన ముఖం చాటేసే ఈ కళ్యాణదుర్గం పక్కన, ఆ నవ్వు ఎన్నేండ్లకొకసారి కనపడుతుందో మీరే అనుకోండి.

ఈ నవ్వులామెకూ ఆ మూతి బిగించినాయనకూ పడని సంగతి ఒక్కటే, బోరు కింద ఉండే అర్ధెకరా కయ్య, అంటే మడి. బయమ్మ వాళ్ల నాయన పోయే ముందు కూతురి పేరుతో రాసిచ్చినాడు దాన్ని. దాని చుట్టూ ఎర్రన్న మెట్ట చేను. మొన్నామధ్య సోలార్ కంపెనీ సారొకాయన కారు దిగి, చేనంతా కౌలుకు అడిగినాడు. మనవళ్లకు మీసాలొచ్చేదాకా కౌలంట. ఎర్రన్న సరేనన్నాడు. ఆయన తప్పేముంది, ఎండిన చేనుతో కొట్లాడి కొట్లాడి అలిసిపోయినాడు. అయితే సారుకు నడిమధ్యనున్న కయ్య కూడా కావల్లంట. బోరు మూసేసి దాని మీద కూడా అద్దాలు పరుస్తారంట.

"నేను బతికుండంగా ఆ కయ్యలో పచ్చంగా ఏదో ఒకటి ఉండల్ల," అనింది బయమ్మ.

"ఏముండాది అందులో ఇప్పుడు? పోయినేడు టమేటా ఏసి రోడ్డు మీద పారబోస్తిమి కదా," అన్నాడు ఎర్రన్న.

ఆ మాట బయమ్మ గుండెలో ముల్లు మాదిరి దిగి ఉండిపాయ.

అట్లాంటప్పుడు శ్రావణంలో బయమ్మ అన్న కూతురు లహరి పెండ్లి వచ్చింది. కళ్యాణదుర్గంలో కళ్యాణ మండపం. పెండ్లికూతురి మెడలో తాళి పడతాంటే అందరూ అక్షింతలు ఏస్తాన్నారు, బయమ్మ మాత్రం స్టేజీ మూలనున్న పూలకుండీ వైపు నోరు తెరుచుకోని చూస్తాంది. మోకాలెత్తు దాటి నిటారుగా నిలబడిన కాడలు. ఒక్కో కాడకు కింద నుంచి పైదాకా ఒకే పక్కకు వరసగా పూలు. ఎర్రవి కొన్ని, తెల్లవి కొన్ని, ఇంకొన్ని మామిడిపండు రంగువి. కింద పూలు విచ్చుకోని ఉండాయి, పైన మొగ్గలు ఇంకా పచ్చంగానే ముడుచుకోని ఉండాయి.

పూలు తెచ్చిన పిల్లోన్ని పట్టుకుంది. వాని పేరు హేమంత్. కళ్యాణదుర్గం కోమటోళ్ల పిల్లోడు, వ్యాన్ పెట్టుకోని బెంగుళూరు మార్కెట్‌కు పూలు ఏసుకోనిపోయి ఏసుకోనొస్తాడు.

"ఇదేం పువ్వు నాయనా?"

"గ్లాడియోలస్ అక్కా. గడ్డ నాటితే వస్తాది. చిక్కబళ్లాపురం పక్క ఏస్తాండారు."

ఆ పేరు పలికేసరికి బయమ్మకు నవ్వొచ్చి, నాలుగు సార్లు అనిపించుకోని, వచ్చేటప్పుడు ఒక కాడ అడిగి తెచ్చుకుంది. బస్సులో దాన్ని నిటారుగా పట్టుకోని కూర్చుంటే కండక్టరు వచ్చి, "దానికి టికెట్ తీసుకోల్ల కదమ్మా, సీటంత పొడువుండాది," అన్నాడు.

"ఆడోళ్లకు ఫ్రీ కదప్పా. ఇదీ ఆడదేలే," అనింది బయమ్మ. బస్సు బస్సంతా నవ్వింది. ఎర్రన్న కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నాడు, ఆమె ఎవురో ఈయనెవురో అన్నట్లు.

ఇంటికొచ్చి ఇత్తడి చెంబులో నీళ్లు పోసి కాడను నిలబెట్టింది. తెల్లారి చూస్తే పైన ఇంకో మొగ్గ విచ్చుకోని ఉండాది. మర్నాడు దానిపైది. కింది పువ్వు వాడేలోగా పైది తయారు. రోజూ లేస్తానే ముఖం కూడా కడుక్కోకుండా చెంబు దగ్గరికి పోయి, ఈ పొద్దు ఎవురు లేచినారని చూసేది. ఆఖరి మొగ్గ విచ్చుకున్న రోజు ఎర్రన్న ముందుకొచ్చి నిలబడింది.

"నా కయ్యలో ఇదే ఏస్తా."

"పిచ్చి పట్టిందామ్మే నీకు? వాసన లేదు, తల్లో పెట్టుకునేదానికి లేదు. తినేదానికి కాదు, పశువులకు కాదు."

"పందెం కడతావా? నా పూలు బెంగుళూరికి పోతే నేను గెల్చినట్లు. పోకపోతే నువ్వు గెల్చినట్లు. ఓడినోళ్లు గెల్చినోళ్ల మాట కిమ్మనకుండా వినల్ల."

"నేను గెలిస్తే కయ్య సోలారోళ్లకు. సంతకం పెట్టల్ల నువ్వు."

"పెడతా."

మాట నోరు దాటిపాయ.

దసరా పోయినాక హేమంత్ గడ్డలు తెచ్చి ఇచ్చినాడు. చూసేదానికి కూరలో ఏసే ఎర్రగడ్డలే, కాకుంటే అదిమిపెట్టి చప్పిడిగా చేసినట్లుండాయి. ఇస్తా ఇస్తా హేమంత్ రెండే మాటలు గట్టిగా చెప్పినాడు. "అక్కా, అన్నిటికన్నా కింది మొగ్గ కొంచెం రంగు చూపించిందంటే కోసేయల్ల. విచ్చుకున్నాక కోస్తే బెంగుళూరు దాకా రావు. కోసేటప్పుడు కాడ మాత్రమే కోయల్ల, ఆకులు చెట్టుకే వదలల్ల." బయమ్మ తలాడించింది. శెనక్కాయ విత్తినట్లే సాలు తీసి, గడ్డ గడ్డకూ జానెడు ఎడం పెట్టి నాటింది. కత్తుల మాదిరి ఆకులు లేసినాయి. బోరులో నీళ్లు వచ్చేది ఆ కాస్త ధారే అయినా, డ్రిప్పు పైపులతో సర్దుకుంది.

మాఘంలో కాడలు పొడుచుకొచ్చినాయి. ఒకనాడు పొద్దున కింది మొగ్గల కొనల్లో ఎరుపు కనపడింది. బయమ్మ కొడవలి పట్టుకోని పోయింది. వంగింది. మొగ్గను చూసింది. చెయ్యి రాలేదు.

ఎట్లొస్తుంది చెప్పండి? ఈ పక్క చామంతి గానీ బంతి గానీ, మొగ్గ తుంచినామంటే ఇంట్లో పెద్దోళ్లు వీపు పగలగొట్టేవాళ్లు. పూర్తిగా విచ్చుకున్న పువ్వునే కోయల్ల, మొగ్గ రేపటిది. పుట్టినప్పటి నుంచీ చేతికి అదే అలవాటు. పైగా చెంబులో కాడ రోజుకొకటి కండ్లు తెరిచినట్లు తెరిచింది ఈమె చూసిందే కదా. ఇప్పుడు కయ్య కయ్యంతా అట్ల తెరుస్తాదంటే, చూడకుండా ఎట్ల ఉండేది?

హేమంత్‌కు ఫోన్ చేసి, "ఇంగా లేదు నాయనా, రేపు రా," అనింది. మర్నాడు కూడా, "ఈ ఒక్క పొద్దు ఆగు," అనింది. ఆ మర్నాడు ఫోనే ఎత్తలేదు. ఎత్తితే అబద్ధం చెప్పల్లని భయం. కయ్యలో తిరుగుతా, సాలు సాలుకూ పలకరిస్తా, ఒక్కతే నవ్వుకుంటా ఉండాది. ఊర్లో ఆడోళ్లు వచ్చి గట్టు మీద నిలబడి ఫోన్లలో ఫొటోలు తీసుకుంటాండారు. తోడికోడలు హేమలత అయితే ఎర్ర కాడ ఒకటి జడలో దోపుకోని, నడుస్తాంటే అది ముందుకొచ్చి ముక్కుకు తగలడం, బయమ్మ పగలబడి నవ్వడం. ఎర్రన్న వచ్చి గట్టు మీద నిలబడి చూసి ఎనక్కి పోయినాడు.

చివరికి హేమంత్ పిలవకుండానే వ్యాన్ ఏసుకోనొచ్చినాడు. దిగి చూసి నెత్తిన చేయి పెట్టుకున్నాడు.

"ఏం చేసినావక్కా నువ్వు? అన్నీ విచ్చుకోనిపాయ కదా. వీటిని డబ్బాలో పెడితే పెనుకొండ దాటేలోగా రేకులన్నీ నలిగి గుజ్జయితాయి. ఎవురు కొంటారు?"

"ఒక్క డబ్బా అన్నా తీసుకోనిపో నాయనా."

"తీసుకోనిపోయి ఏం చేయాలక్కా?" వానికి కూడా బాధే. ఉత్త వ్యాన్ తిప్పుకోని పోయినాడు.

అప్పుడు తెలిసొచ్చింది బయమ్మకు. నవ్వుతా నవ్వుతా పందెం ఓడిపోయింది. వాళ్ల నాయన ఇచ్చిన కయ్య పోయింది. సాలు నడుమ కూలబడి, చుట్టూ అన్ని రంగులు విరగబూసి ఉంటే, కొంగు నోట్లో పెట్టుకోని ఏడ్చింది. ఈసారి నవ్వు ఆపుకునేదానికి కాదు.

తెల్లారితే ఊర్లో మారెమ్మకు జ్యోతులు. బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, దాంట్లో దీపం పెట్టి, చుట్టూ పూలతో గోపురం మాదిరి కట్టి, ఆడోళ్లు నెత్తిన పెట్టుకోని గుడికి పోతారు. బయమ్మ కండ్లు తుడుచుకోని లేచింది. ఎట్లా వాడిపోయేవే కదా. ఇంటింటికీ పోయి, "నా కయ్యకు రండి, జ్యోతులకు పూలు కోసుకోండి," అనింది. హేమంత్ చెప్పినవాటిలో ఒక్క మాటన్నా నిలబెడదామని, గట్టు మీద కాపలా నిలబడి, "కాడ మాత్రమే కోయండమ్మా, ఆకు ముట్టుకోవద్దండి," అని అరుస్తానే ఉండాది.

మర్నాడు సాయంత్రం జ్యోతులు చూడల్ల మీరు. బంతిపూల జ్యోతి మూరెడుంటే గొప్ప. ఈ కాడలతో కడితే మనిషి మీద ఇంకో మనిషి నిలబడినంత ఎత్తు. హేమలత గడప దాటేదానికి గొంతుకూర్చోని కప్ప మాదిరి బయటికి రావల్సి వచ్చింది. వీధిలో డిష్ వైర్లు అడ్డమొస్తే, మొగోళ్లు ముందుండి కట్టెలతో పైకెత్తి పట్టుకున్నారు. తప్పెట్లు మొదలైనాయి. నెత్తిన పూలు ఊగుతాన్నాయి, ఒకరి జ్యోతి ఇంకొకరి జ్యోతికి తగులుకుంటాంది, నవ్వితే పడిపోతాదని నవ్వు ఆపుకోలేక అందరూ కలిసి నవ్వుతాన్నారు. బయమ్మ అందరికన్నా ముందుండాది. కయ్య పోయిందన్న బాధ కడుపులో ఉండాది, నవ్వు నోట్లో ఉండాది, రెండూ ఒకటేసారి.

ఒక మూల మలుపు తిరుగుతానే చూసింది. తప్పెట్ల ముందు ఎర్రన్న ఎగురుతాన్నాడు. పెండ్లినాడు కూడా ఎగరని మనిషి, తలగుడ్డలో తెల్లకాడ ఒకటి దోపుకోని, చేతులు పైకెత్తి ఎగురుతాన్నాడు. పందెం గెల్చినాడు కదా, సంతోషం పట్టలేకుండా ఉండాడని అనుకుంది బయమ్మ. కోపమొచ్చింది. కోపంలో కూడా, ఆయన అడుగులు తప్పెటకు ఒక్కటీ కుదరకపోతే, ఆపుకోలేక నవ్వింది.

ఉగాది దాటినాక సోలార్ సారు కాగితాలు తెస్తానని ఫోన్ చేసినాడు. బయమ్మ మాట ఇచ్చింది, నిలబడల్ల. కయ్యలో పూలెప్పుడో అయిపోయినాయి, మిగిలిన ఆకులు కూడా పసుపు రంగుకు తిరుగుతాన్నాయి. ఆమె అటు పోవడమే మానేసింది.

సోలారోళ్ల కొలతలకు ముందు పైపులు చుట్టిపెడదామని ఎర్రన్న కయ్యకు పోయినాడు. ఆకు పసుపెక్కిన చెట్టు కనపడితే శెనక్కాయ రైతు చేయి ఊరుకుంటుందా? వంగి, మొదలు పట్టుకోని, ఒక చెట్టు పీకినాడు. మన్ను దులిపినాడు.

బయమ్మ ఇంటి ముందు బియ్యం చెరుగుతాంటే వచ్చి, ఆ చెట్టును ఆమె చేటలో పడేసినాడు. నాటిన గడ్డ వట్టిపోయి చెక్క మాదిరి అయిపోయింది. దాని నెత్తి మీద నున్నగా, నిండుగా కొత్త గడ్డ. ఆ రెండిటి నడుమ చుట్టూ గుత్తులుగా చిన్న చిన్న పిల్లగడ్డలు, అచ్చం ఊరతాండే శెనక్కాయల మాదిరి.

ఎర్రన్న ఒక పిల్లగడ్డ తెంపి, గింజ గట్టిపడిందా లేదా చూసినట్లు పండ్ల కింద పెట్టి కొరికి, "తూ," అని ఉమ్మేసినాడు. ఆమెకు నవ్వొచ్చింది. తలెత్తి చూస్తే ఆయనా నవ్వుతాన్నాడు. ఎన్నేండ్లైందో ఆ నవ్వు చూసి.

"ప్రతి చెట్టుకూ ఇట్లే పట్టినాయా?" అనింది.

"అక్కడక్కడా పీకి చూసినా. అన్నిటికీ పట్టినాయి. ఆకులు చెట్టుకే వదిలేస్తివి కదా, వాటితోనే ఊరినాయి." జేబులోంచి ఫోన్ తీసి అక్కడే నిలబడి సారుకు చేసినాడు. "సారూ, మెట్ట చేను మీదే. నడిమధ్య కయ్య మాత్రం విడిచిపెట్టి కంచె ఏసుకోండి. కుదరదంటే వద్దులే. భూమిలో విత్తనం పెట్టుకోని ఎవురన్నా భూమిస్తారా సారూ?"

ఫోన్ పెట్టేసినాక బయమ్మ మెల్లగా అనింది. "అట్ల కాదయ్యా. పందెం నేనోడిపోతి కదా. మాట మాటే."

"ఓడినావు. ఎవురు కాదన్నారు?" ఎర్రన్న పక్కన కూర్చోని, పిల్లగడ్డలు ఒక్కొక్కటే తెంపి చేట అంచున పెడతాన్నాడు. "ఓడినోళ్లు గెల్చినోళ్ల మాట కిమ్మనకుండా వినల్ల అన్నావు కదా, విను. దసరా పోయినాక మళ్లీ నాటల్ల. ఈసారి మొగ్గలోనే కోయల్ల."

బయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. చేటలో బియ్యం, మన్ను, గడ్డలు అన్నీ కలిసిపోయి ఉండాయి.

"కోస్తా," అనింది బయమ్మ. "ఒక్క సాలు మాత్రం ఇడిచిపెడతా."

"ఏమిటికి?"

"పొద్దున్నే లేచి చూసుకునేదానికి."

ఎర్రన్న తల కూడా ఎత్తలేదు.

"రెండు సాళ్లు ఇడిచిపెట్టు," అన్నాడు.