తులసాకు మీద తెల్లగీతలు

చిక్కడపల్లిలో మేం కిరాయికున్న ఇంటి నడిమి వాకిట్లో ఒక నల్లా, దాని పక్కన పుదీనా వేసిన చిల్లుబకెట్టు, ఎదురుగా తులసికోట ఉండేవి. నల్లా రెండు కుటుంబాలకూ ఉమ్మడి, పక్కిళ్ళ ఆడవాళ్ళూ నీళ్ళకు అక్కడికే వచ్చేవాళ్ళు. తులసి మాత్రం ఇంటివాళ్ళది. ఇంటావిడ అత్తగారి చేతి మొక్క తాలూకు విత్తనమట. అందుకని మేం దాని దగ్గర కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకునే మసిలేవాళ్ళం.

అది 1969. నాకు పద్నాలుగేళ్ళు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మూలంగా బడి మూతపడింది. నాన్న ఆఫీసు నుంచి నారాయణగూడ మీదుగా రాకుండా, చుట్టు తిరిగి దోమలగూడ దారిన సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. అశోక్‌నగర్‌లో మా గుంటూరు వైపు వాళ్ళొకరు ఇల్లు ఖాళీ చేసి రైలెక్కారని తెలిసిన రోజు నుంచి అమ్మ నల్లా దగ్గర బిందె కూడా చప్పుడు కాకుండా దించేది. ఇంటావిడ మాత్రం ఎప్పటిలాగే "చెల్లే" అని పిలిచి కూర గిన్నె చేతిలో పెట్టేది. అమ్మ ఆ గిన్నెను చూసి కూడా భయపడేది.

తొలివానలు పడ్డాక తులసాకుల మీద తెల్లటి వంకరగీతలు కనిపించాయి. చంటిపిల్ల ఎవరో సుద్దముక్కతో ఆకు ఆకునా గీసిపెట్టినట్టుంది. ఒక పొద్దున ఇంటావిడ నీళ్ళు పోయడానికి వచ్చి, ఒకాకు తిప్పి చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. అంతే జరిగింది. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనలేదు. అమ్మే భుజాలు తడుముకుంది.

బయట చేరినవాళ్ళు ముట్టుకుంటే తులసి పాడైపోతుందని మా ఇళ్ళల్లో గట్టి నమ్మకం. నాకు ఆ మధ్యే మొదలైంది. వెనక వసారాలో చాప మీద మూడు రోజులు కూచుని అప్పుడే లేచాను. తులసి వైపు కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. అయినా మర్నాడు అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఇంటావిడా పక్కింటి ఆడవాళ్ళూ ఉండగా నల్లా దగ్గర నిలబెట్టింది.

"అక్కయ్యగారూ, మా పిల్ల బయట ఉన్న రోజుల్లో తెలియక తులసమ్మని ముట్టుకుంది. తప్పు మాదే. కొత్త చిగురు వచ్చేదాకా రోజూ ప్రదక్షిణాలు చేయిస్తాను."

స్తంభానికి అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్న ఇంటాయన మొహం అటు తిప్పేసుకున్నాడు. ఆయన తిప్పుకోకపోయినా బాగుండేది. సిగ్గుతో నాకు చెవులు కాలిపోయాయి.

"పోనీతియ్ చెల్లే, చిన్నపిల్ల. ఆమెకేం ఎరుక," అంది ఇంటావిడ.

రోజూ తలస్నానం, తడిబట్టలు, వచ్చేపోయేవాళ్ళ చూపులు. నీళ్ళకొచ్చిన ప్రతి మనిషికీ నా ఒంటి సంగతి తెలిసిపోయినట్టే. తలెత్తలేక ఆకుల వంకే చూస్తూ తిరిగేదాన్ని. ఒక శుక్రవారం, ఆ రోజు తులసి తుంచకూడదు కనక, రాలిన ఆకొకటి తీసి ఎండకు పట్టి చూశాను. గీత చివర, ఆకు రెండు పొరల మధ్య, నూకగింజలో సగం కూడా లేని పురుగొకటి మెల్లగా కదులుతోంది. చిన్న ఈగ ఒకటి ఆకులోపల గుడ్డు పెడుతుందనీ, దాని పిల్ల ఆ పొరల మధ్యే తింటూ దారి చేసుకుపోతుందనీ, తులసీ పుదీనా జాతి అంటే దానికి ప్రాణమనీ చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. ఆ పూట తెలిసింది ఒక్కటే, నా తప్పు లేదని.

వంటింట్లోకి పరిగెత్తి అమ్మకు చూపించాను. అమ్మ ఆకును తేరిపార చూసింది.

"నువ్వు ముట్టుకోలేదని నాకు తెలుసే," అంది.

"మరి అందరిలో అలా ఎందుకు చెప్పావు?"

"వాళ్ళు అనేదాకా ఆగితే మాట పెద్దదవుతుంది. మనమే ఒప్పేసుకుంటే ఇల్లు ఖాళీ చెయ్యమనరు. ఈ రోజుల్లో వెళ్ళమంటే ఎక్కడికి పోతాం? ఆ ఆకు అక్కడ పెట్టి వెళ్ళు, తిరగడం ఇంకా మిగిలుంది."

వెళ్ళి తిరిగాను. అమ్మ మీద నాకంత కోపం అంతకు ముందెన్నడూ రాలేదు.

సాయంత్రం ఇంటావిడ గుప్పెడు పుదీనా పట్టుకుని నవ్వుతూ మా గడపలోకి వచ్చింది. ఆ ఆకుల మీదా అవే గీతలు.

"చెల్లే, గీ పుదీనను గూడ నీ బిడ్డనే ముట్టుకున్నదా? పురుగమ్మా ఇది, సూడు." గోటితో ఆకు చీల్చి చూపించింది. అమ్మ మొహం చూశాక ఆవిడ నవ్వు ఆగిపోయింది. "అంటే నీకు ముందుగాలనే ఎరుకనా?"

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది.

"నేను ఎల్లగొడతననుకున్నవా? నాకు భయపడి పిల్లని గంతమందిల నిలబెట్టినవా?"

ఆవిడ పుదీనా గడప మీద పెట్టి, నా తల నిమిరి వెళ్ళిపోయింది. నా తప్పు లేదని తేలడమే ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది. కాని అమ్మ ఆ గుప్పెడు పుదీనా ముందు తల వంచుకుని కూలబడితే, నా సిగ్గు కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే తలస్నానం చేసి, తడిబట్టలతో తులసి చుట్టూ తిరిగాను. మానేస్తే నల్లా దగ్గర వాళ్ళు ఎందుకని అడుగుతారు, అమ్మ అబద్ధం వీధిన పడుతుంది. ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి చూసింది. పక్కింటామె వచ్చి, "ఇంకా చిగురు రాలేదా?" అనడిగితే, "వస్తది, ఇంకొన్ని రోజులు తిరగనీ," అంది.