కుడి చేతికి కట్టుకున్న గడియారం

నా ఎడమ కాలికి నాలుగు వేళ్ళే ఉన్నాయి. చిటికెన వేలు లౌటోకా పెద్దాసుపత్రిలో తీసేశారు. మాది ఫిజీ, తాతల నాడు చెరకు కూలికి వచ్చిన తెలుగువాళ్ళం. చెరకు చేలో రాయి గుచ్చుకుంది, గుచ్చుకున్నట్టు నాకు తెలియలేదు. షుగరు ఉన్న కాలికి నొప్పి తెలియదట. తెలిసేసరికి వేలు వంకాయ రంగు తిరిగింది. వేలు పోయింది, పుండు మానింది. మానాక మా తవువా హెల్త్ సెంటర్లో నర్సు నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మన పిల్లే, నా మనవరాలి ఈడుది, నన్ను ఆజీ అంటుంది, అంటే నాయనమ్మ.

"ఆజీ, ఈసారికి వేలు పోయింది. రక్తంలో షుగరు పదమూడు ఉంది, ఏడు దాటకూడదు. ఇట్లానే ఉంటే తర్వాత పాదం. మూడు నెలలు చూస్తా. మందు ఆపొద్దు, అన్నం తగ్గించు, రోజూ నడువు. షూ లేకుండా గుమ్మం దాటొద్దు."

పాదం అన్న మాట ఇంకెవరికైనా చెబితే ఊరికే భయపడతారు. నేను అలా భయపడలేదు. నాకు ముందే తెలుసు గనక భయపడ్డాను. మా ఆయన వటుకౌలాలో బంగారు గనిలో ముప్పై ఏళ్ళు భూమి లోపలికి దిగి ఎక్కిన మనిషి. ఇంగ్లీషువాళ్ళు పోయి జెండా మారిన ఏడు మా పెళ్ళి. అప్పటినుంచి కంపెనీ ఇంట్లోనే కాపురం. పని మానేశాక తవువా దగ్గర కొడుకు చెరకు సాగులోకి వచ్చాం. వచ్చిన మూడో ఏడు షుగరుతో ఆయన ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. అంత లోతు గనిలోకి దిగిన మనిషి మా వరండా నాలుగు మెట్లు దిగలేకపోయాడు. ఎవరైనా దారిన పోతే కేకేసి పిలిచేవాడు, వాళ్ళు ఆగకపోతే రోజంతా మాట్లాడేవాడు కాదు. రెండేళ్ళు అట్లా కూర్చుని పోయాడు. ఆ కుర్చీ ఇంకా వరండాలోనే ఉంది. నాకు ఆ కుర్చీ వద్దు. నేను చెప్పే కథంతా ఇదే.

అక్షరాలు సగం మరిచిపోయాను. అంకెలు మాత్రం వచ్చు. అందుకే నోటితో చెబుతున్నాను, రాసేవాళ్ళు రాసుకుంటున్నారు.

మనవరాలు లౌటోకాలో ఆఫీసులో పని చేస్తుంది. ఆ శనివారం బస్సు దిగి వస్తూనే చిన్న డబ్బా తీసింది. లోపల నల్ల రబ్బరు పట్టీ ఉన్న గడియారం.

"ఆజీ, చెయ్యి ఇటియ్యి."

"గోడ మీద ఒకటి ఉంది కదే. నాకు టైంతో ఏం పని?"

"ఇది టైం కోసం కాదు. నీ అడుగులు లెక్కపెడతది. రోజుకి ఐదు వేలు. ఐదు వేలైతే గుర్రుమంటది, పటాకులు పేలతయి."

"చేతి మీదా?"

"లోపల, బొమ్మలో! నీ అడుగులు నా ఫోన్లో కనపడతయి. దొంగాట లేదు."

"కాళ్ళు తవువాలో, లెక్క లౌటోకాలోనా? బాగుందే."

ఎడమ చేతికి కట్టబోయింది. వద్దన్నాను. ఆయన పోయిన పదో రోజు గాజులు పగలగొట్టినప్పుడు ఒక ముక్క ఎడమ మణికట్టులో దిగింది. ఆ మచ్చ మీద అప్పటినుంచి దారం కూడా కట్టలేదు. కుడి చెయ్యి చాపాను. పిల్లకి ఇవన్నీ ఎందుకు చెప్పడం, "అదే నాకు అలవాటు" అన్నాను. ఈ కుడి చెయ్యే తర్వాత నా కొంప ముంచింది.

మరునాడు పొద్దున తెల్ల గుడ్డ షూ వేసుకుని బయలుదేరాను. కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఎక్కడికమ్మా పొద్దున్నే?"

"నడవడానికి."

"ఎవరింటికి?"

"ఎవరింటికీ కాదు."

"మరి ఎందుకు?"

మెట్లు దిగాను. మా వాళ్ళలో నడక అంటే ఎక్కడికో నడక. పొలానికి, కొట్టుకి, పెళ్ళికి, చావుకి. ఊరికే నడవడం పిచ్చివాళ్ళ పని.

మెయిన్ రోడ్డు ఎక్కానో లేదో వెనక వాన్ ఆగింది. అవతలి మలుపులో చెరకు వేసే అబ్బాయి.

"కహా జాతా, ఆజీ? ఆవో, బైఠో."

"ఎక్కడికీ లేదు నాయనా. ఊరికే నడుస్తున్నా, నువ్వు పో."

అతని ముఖం చిన్నబోయింది. "మా మీద కోపమా ఆజీ? మా అమ్మ ఏమన్నా అన్నదా?"

మా వైపు బండి ఆపితే ఎక్కాలి. ఎక్కకపోతే గొడవ ఉన్నట్టు. ఎక్కాను. ఎక్కాక ఎక్కడ దింపాలంటే ఏం చెప్పాలి, తవువా అన్నాను. మార్కెట్ దగ్గర దింపాడు. వచ్చినందుకు బెండకాయలు కొనుక్కుని బస్సులో ఇంటికి వచ్చాను. గడియారంలో నాలుగు వందల ముప్పై.

రెండో రోజు బస్సే ఆగింది. చెయ్యి ఎత్తలేదు, అయినా ఆగింది. కిటికీల్లోంచి జనం తలలు పెట్టి, "ఎక్కించండి పాపం, ముసలావిడ" అన్నారు. మూడో రోజు ఎవరో ట్రాక్టరు మీద పోతూ మా అబ్బాయికి ఫోన్ చేశాడు, మీ అమ్మ ఒక్కతే రోడ్డు మీద పోతోంది, ఇంట్లో ఏమైనా జరిగిందా అని. కొడుకు రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, నా పరువు తీస్తున్నావు. నడిస్తే ఇంట్లో నడువు."

ఇంట్లో నడిస్తే ఎంత దూరం? పొయ్యి నుంచి తలుపు దాకా. చేతులు దులుపుకుని కూర్చున్నాను.

ఆ ఆదివారం పది కొబ్బరికాయలు కోరాను. కోరే పీట మీద గంటన్నర కూర్చుని లేచి చూస్తే గడియారంలో మూడు వేల చిల్లర! నా కళ్ళు నేనే నమ్మలేదు. రొట్టెలు వత్తాను, ఇంకో ఎనిమిది వందలు. నాకు అర్థమైపోయింది అనుకున్నాను. ఈ యంత్రం మంచిది, అడుగులే కాదు, ఆడదాని కష్టం కూడా కలుపుతోంది. నర్సు చెప్పిన ఒళ్ళు వంచడం నేను చిన్నప్పటినుంచీ చేస్తూనే ఉన్నాను, ఇన్నాళ్ళకి లెక్కపెట్టేవాడు ఒకడు వచ్చాడు! నేను దొంగాట ఆడలేదు. ఒట్టు. నమ్మాను.

మంగళవారం భజన మండలి. తాళాలు వాయించేది నేనే. రెండో పాటలోనే చెయ్యి గుర్రుమంది, పటాకులు పేలాయి. పాట ఆగిపోయింది. ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరారు.

"ఏంది దీదీ, దేవుడు పలికాడా?"

"ఐదు వేల అడుగులు అయినయి."

"కూర్చునేనా? అయితే నాకొకటి తెప్పించు. మా ఆయనకి కడతా, గ్రోగ్ కలిపేటప్పుడు. రోజుకి పది వేలు అవుతయి, ఊళ్ళో వాడంత ఆరోగ్యవంతుడు ఉండడు!"

గ్రోగ్ అంటే యంగోనా వేరు పొడి నీళ్ళలో పిసికి తాగేది. మగవాళ్ళు సాయంత్రమంతా ఆ గిన్నె చుట్టూ కూర్చుంటారు. అందరం పడీ పడీ నవ్వాం.

మనవరాలు రోజూ ఫోన్ చేసేది. "ఆజీ, నిన్న ఎనిమిది వేలు! మా ఆఫీసులో ఎవరికీ లేవు. నీ పేరు చెప్పి అందర్నీ తిడుతున్నా." నేను ఇంకా హుషారుగా ఇరుగుపొరుగు కొబ్బరికాయలు కూడా తెచ్చి కోరాను. కోరిన కొబ్బరి వదలం కదా, పాలు పిండి కూరలో పోశాం, తిన్నాం.

మూడు నెలలకి తలెత్తుకుని హెల్త్ సెంటర్‌కి వెళ్ళాను. ముందు గడియారం చూపించాను. నర్సు సంతోషపడింది. వేలు గుచ్చి రక్తం తీసింది. చిన్న మిషన్ వైపు చూసింది. మళ్ళీ గుచ్చింది.

"పద్నాలుగు, ఆజీ. పెరిగింది."

"నీ మిషన్ పాడయిందేమో చూడమ్మా."

"నువ్వు ఎక్కడ నడుస్తావు?"

"నడవడమా? నేను కొబ్బరి కోరతాను."

ఆ పిల్లకి ముందు నవ్వు వచ్చింది. నా కుడి చెయ్యి పట్టుకుని నాలుగుసార్లు ఊపి గడియారం చూపించింది. అంకె పెరిగింది. నేను కుర్చీలోంచి కదలలేదు.

"చూశావా? నీ చెయ్యి నడిచింది ఆజీ. కాలు కూర్చుంది."

తర్వాత నవ్వడం మానేసింది. నా కాలు ఎత్తి చూసింది, బొటనవేలి గోరు చుట్టూ నొక్కింది. "ఇంకో మూడు నెలలు. అప్పుడు కూడా ఇదే ఉంటే నిన్ను లౌటోకా పంపించాలి, డాక్టరు చూస్తాడు." నన్ను అడగకుండా గడియారం విప్పి ఎడమ చేతికి కట్టింది. మచ్చ మీదే. కట్టనిచ్చాను. కాలు పోతుందంటే మచ్చ ఏం గుర్తుంటుంది?

ఇంటికి వచ్చి పెరట్లో కంచె దగ్గర కూర్చుని ఏడ్చాను. కంచె అవతల ఇంటి ఆమె కసావా దుంపలు తవ్వుతోంది. ఆమె ఇక్కడి నేల మనిషి, ఫిజీ ఆమె. మేం సాగు చేసే భూమి వాళ్ళ కుటుంబానిదే. మన హిందీ నాకంటే బాగా మాట్లాడుతుంది. ఆమె మొగుడూ పోయాడు. నన్ను మరమా అంటుంది, అంటే అమ్మగారు అని. నేను దీదీ అంటాను. సంగతంతా చెప్పాను. గునపం పక్కన పడేసి, నేల మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"మూడు నెలల్లో నీ చెయ్యి దీవి అవతల సూవా దాకా పోయి తిరిగి వచ్చి ఉంటది, మరమా!"

నాకు కోపం వచ్చింది. "నా కాలు తీసేస్తారు, నీకు నవ్వు."

ఆమె కంచె దాటి వచ్చి నా పక్కన కూర్చుంది. "తియ్యరు. రేపు పొద్దున రైలు పట్టాల వెంట పోదాం. అక్కడ నీకు లిఫ్టు ఇచ్చేది ఎవరు?"

చెరకు రైలు పట్టాలు మా చేల వెనకే పోతాయి. మిల్లు ఆడని నెలల్లో రైలు రాదు. పట్టాల పక్కన మట్టి బాట, మెత్తగా ఉంటుంది. ఆ మాట నాకు మూడు నెలల నుంచి తట్టలేదు చూడండి.

మొదటి రోజు కొడవలీ సంచీ పట్టుకుని వెళ్ళాను. ఉత్త చేతులతో నడవడం నా వల్ల కాలేదు. మేకలకి గడ్డి కోసుకొస్తున్నా అని చెప్పుకోవచ్చు కదా. పది అడుగులకోసారి వంగి కోస్తుంటే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పారెయ్ ఆ కొడవలి. మళ్ళీ చెయ్యే నడుస్తోంది."

పారేయలేదు, కంచెకి తగిలించాను. ఉత్త చేతులతో నడిచాను. సిగ్గేసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చిన్న తూము దాకా వెళ్ళేసరికి ఆయాసం వచ్చి కూర్చున్నాను. గడియారంలో తొమ్మిది వందలు. పటాకులు లేవు, గుర్రు లేదు. కానీ ఆ తొమ్మిది వందలూ నావి.

వారం తర్వాత తూము దాటాం. నెలకి వంతెన దాకా. ఆమె చర్చి పాటలు పాడేది, నేను మా భజనలు, ఊపిరి ఆడనప్పుడు ఇద్దరం నోరు మూసుకునేవాళ్ళం. మొగుళ్ళని తిట్టుకున్నాం. చనిపోయినవాళ్ళని తిట్టకూడదంటారు, కానీ తిడితే బతికున్నట్టు ఉంటుంది. నా జన్మలో ఇంకొకరి వంట కోసం కాని గంట అదొక్కటే. తీరిక అంటే పడుకోవడం అనుకునేదాన్ని. కాదు. నీ ఒళ్ళు నీ చేతిలో ఉన్న గంట తీరిక.

ఒక రోజు గడియారం చచ్చిపోయింది. చార్జింగు పెట్టడం మరిచిపోయాను. "ఇవాళ వద్దు దీదీ, నడిచినా లెక్కలోకి రాదు" అన్నాను.

"నీ రక్తం లెక్కపెట్టుకుంటది. లే!"

మీకు కూడా ఎవరైనా ఇలాంటి గడియారం కొనిపెడితే కట్టుకోండి, సరదాగా ఉంటుంది. కానీ పని చేసే చేతికి కట్టకండి. అది ఏం చెప్పినా సాయంత్రం కాళ్ళు కడుక్కుని, బాగా తుడుచుకుని, చిన్న అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోండి. ఎర్రగా ఉన్నా, పగిలినా, వెంటనే చూపించుకోండి. మనకి నొప్పి చెప్పదు, అద్దం చెబుతుంది. ఇంకొకటి, ఒక్కరే నడవకండి. ఒక్కరే అయితే మూడో రోజుకి మానేస్తారు. పొద్దున్నే కంచె అవతల ఒక మనిషి నోరు చేసుకుని పిలవాలి.

కొబ్బరిపాల కూర పండగలకి మాత్రమే అని కోడలికి చెప్పాను. అన్నం ఒక్క పూటే. మండలిలో తాళాలు మాత్రం మానలేదు, గడియారం తీసి పక్కన పెట్టి వాయించేదాన్ని. ఆడవాళ్ళు, "దేవుడు పలకడం మానేశాడేం దీదీ?" అని ఏడిపించారు.

మూడు నెలలు నిండాయి. ఈసారి తలెత్తుకుని వెళ్ళలేదు. ఆ ముందు రోజు అన్నం సహించలేదు. దీదీ నాతో వచ్చింది, బెంచీ మీద నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. నర్సు వేలు గుచ్చింది. మిషన్ ఆలోచిస్తూ ఉంది. నేను దాని వైపు చూడలేదు, గోడ మీద ఎంత తినాలో చూపే పళ్ళెం బొమ్మ చూస్తున్నాను.

"ఎనిమిది, ఆజీ."

"ఎనిమిదంటే?"

"ఎనిమిదంటే లౌటోకా లేదు. ఇంకా తగ్గాలి, మందు ఆపొద్దు, నడక ఆపొద్దు. కానీ ఇప్పుడు లౌటోకా లేదు."

దీదీ నర్సుని గట్టిగా కౌగిలించుకుంది, ఆ పిల్ల చేతిలో దూది కింద పడింది. నేను వంగి కాళ్ళు షూలో పెట్టుకున్నాను. అప్పుడు చూశాను, పట్టాల వెంట నడిచి నడిచి అడుగు అరిగిపోయి కుడిదానికి చిల్లు పడింది.

అక్కణ్ణుంచి తిన్నగా చెప్పుల కొట్టుకి వెళ్ళాం. మా ఆయనకి కాలు తీశాక కూడా ఆ కొట్లో జతే అమ్మేవాళ్ళు, ఒక్కటి అమ్మరు కదా. ఎడమది ఇంటికి తెచ్చి ఎవరికీ కనపడకుండా పారేసేదాన్ని. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, ఆ రోజు కొట్లో నిలబడి దీదీకి చెప్పాను. ఆమె కొత్త జత విప్పి నా ముందు పెట్టింది.

"కొంచెం పెద్ద సైజు తీసుకో మరమా. వంతెన దాటాక కాళ్ళు ఉబ్బుతయి."

"వంతెన దాటి ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు," అంది. "ఊరికే."

రెండు కాళ్ళూ పెట్టి చూసుకున్నాను. సరిపోయాయి.