శౌరమ్మ ఉగ్గుగిన్నె

శౌరమ్మకి నాలుగు కాన్పులు. ఆ నలుగురితో పాటు పటమట ఆటోనగర్ వెనక వీధిలో వెల్డర్ల కళ్లకి కూడా ఆమే పాలిచ్చింది. పొద్దంతా నల్లద్దం లేకుండా లారీ బాడీలు అతికినవాడికి దీపాలు పెట్టే వేళకి కళ్లలో ఇసక పోసినట్టుంటుంది. అప్పుడు ఆ ఇంటి ఆడది ఉగ్గుగిన్నె పట్టుకుని శౌరమ్మ గడపలో నిలబడుతుంది. నాలుగు చుక్కల చనుబాలు వేస్తే మంట చల్లారుతుందని అందరి నమ్మకం.

ఉప్పెన తరవాతి వేసవిలో ఆ గిన్నె శివపార్వతి చేతికొచ్చింది. కొల్లేటి ఒడ్డు నుంచి కాపురానికొచ్చి మూడు నెలలు. శౌరమ్మ గడపకి రావడం వారంలో ఇది మూడోసారి. గుణదల మేరీమాతని కొలిచే మనిషని శౌరమ్మ చేతి మంచినీళ్లు ముట్టని అత్త పెద్దింట్లమ్మ, కొడుకు పోలరాజు కళ్లకి ఆమె పాలు మాత్రం తెమ్మంటుంది. నీళ్లకున్న పట్టింపు పాలకెందుకు లేదో శివపార్వతికి అర్థం కాలేదు. అడిగే నోరూ లేదు.

"మళ్లీనా? మీ ఆయన నా అయిదో బిడ్డా ఏంటే?" అంది శౌరమ్మ.

"మంటకి దొర్లుతున్నారక్కా."

"దొర్లనీ. ఇయ్యాళ చుక్క కూడా ఇవ్వను."

అరుగు మీద తడుముకుంటూ నులక పేనుతున్న తన భర్తని చూపించింది. "ముగ్గురు బిడ్డల పాలు పోశా ఆ కళ్లల్లో. మంట తగ్గేది, పొద్దున్నే మళ్లీ ఒట్టి కళ్లతో పోయేవోడు. పాలు పొయ్యకపోతే అద్దం పెట్టుకునేవోడేమో. నేనే పాడు చేశానేమో, నాకూ తెలవదు. మీ ఆయనకి నల్లద్దం లేదా?"

ఉంది. షెడ్డు ఓనరిచ్చిన, చేత్తో పట్టుకునే పిడి షీల్డు. అది మొహానికడ్డం పెట్టుకుంటే "కొత్త పెళ్లికూతురొచ్చిందిరోయ్, ముసుగు తియ్యమనండి" అని తోటివాళ్లు ఏడిపిస్తారని పోలరాజు ఇంట్లో పడేశాడు. అత్త దానితో పొయ్యి విసురుకుంటోంది.

ఖాళీ గిన్నె చూసి అత్త మండిపడింది. "పాలక్కూడా గీరేనా దానికి!"

శివపార్వతి మొగుడి కళ్ల మీద తడిగుడ్డ వేసి కూర్చుంది. ఇచ్చినన్నాళ్లు శౌరమ్మ మంచిదా, ఇవ్వనన్న ఇవాళ మంచిదా? ఎటూ తేలలేదు. ఆ అరుగు మీద తడుముకుంటున్న వేళ్లే కళ్ల ముందు మెదిలాయి.

మూడోనాడు పోలరాజు పనికి బయల్దేరుతుంటే షీల్డు మసి కడిగి అన్నం క్యారేజీకి కట్టింది.

"ఇదెందుకే? ఒక చేతిలో ఇది, ఇంకో చేతిలో రాడ్డు. అతికే ఇనప పట్టీ ఎవడు పట్టుకుంటాడు?"

"నాకు తెలవదండి. అక్క ఇంక పాలివ్వదంట," అంది. ముడి మాత్రం విప్పలేదు.

సాయంత్రం అతని కళ్లు ఎర్రబడలేదు. అద్దం నిండా ఆవగింజల్లా ఇనప చుక్కలు అతుక్కుని ఉన్నాయి. గోరుతో గీకినా రాలేదు. ఇవన్నీ మొన్నటిదాకా ఎక్కడ పడేవి?

"పట్టీ ఎవరు పట్టుకున్నారండీ?"

"క్లాంపు బిగించా."

"అది కొత్తగా కొన్నారా?"

"ఎప్పట్నించో ఉంది," అన్నాడు పోలరాజు, చెప్పులు విడుస్తూ.

క్లాంపు ఉండగా పొద్దున పట్టీ ఎవడు పట్టుకుంటాడని ఎందుకన్నాడో శివపార్వతికి బోధపడలేదు. వంటింట్లో అత్త పొయ్యి ఊది ఊది, పొగకి కళ్లు నులుముకుంటూ "నా విసనకర్ర ఏదే?" అని అరుస్తోంది. శివపార్వతి షీల్డుని అతని చొక్కా పక్కన మేకుకి తగిలించి, ఊదుగొట్టం తీసుకుని లోపలికెళ్లింది.