కుండ చుట్టూ తడి ఇసుక

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. నాకు అక్షరాలు వచ్చేవి కావు. వయసు మళ్లాక, మనవరాలి పలక మీద నేర్చుకున్నాను. అంతకుముందు ఎవరిచేతనైనా రాయించుకోవచ్చు గాని, ఈర్ష్యను పక్కవాళ్లకు చెప్పి రాయించుకోవడం ఎలా?

అరవయ్యో దశకం చివరి రోజులు. నౌపడ ఉప్పుమళ్ల పక్కన మా ఇల్లు. ఒకే చూరు కింద రెండు వాకిళ్లు, ఒకటి నాది, ఇంకొకటి తోటికోడలిది. ఎర్రకుక్కను భావనపాడులోని నా పుట్టింటి నుంచి గంపలో తెచ్చుకున్నది నేను. అన్నం పెట్టేది నేను. అది మాత్రం తెల్లారగానే ఆవిడ వెనకాల ఉప్పుమళ్లలోకి పోయేది, సాయంత్రం ఆవిడ గుమ్మంలోనే పడుకునేది. ఆవిడ దాన్ని పిలవను కూడా పిలవదు. అదే నాకు మంట.

ఒక ఎండాకాలం సాయంత్రం కుక్క ఆవిడ గుమ్మం దాటి వచ్చి, నా మంచినీళ్ల కుండ పక్కన తడి ఇసుకలో పడుకుంది.

"సూసినారా, పుట్టింటి కుక్క పుట్టింటి మనిసినే ఎతుక్కున్నాది" అన్నాను, ఆవిడకు వినబడేలా.

మా ఆయన నవ్వాడు. "ఒసే, నానింటికొచ్చినపుడు నీకింత సంబరం నేదే!"

అది ముందుకాళ్లు ఆపకుండా నాకుతుంటే తృప్తి అనుకున్నాను. రొప్పుతుంటే సంతోషమనుకున్నాను. తోటికోడలు వచ్చి చెయ్యి వేయబోతే గుర్రుమంది. నాకు కడుపు నిండినట్టయింది.

"ముట్టుకోకక్కా, దానికిష్టం నేదు" అని, చేప తలకాయ తెచ్చి ముందు పెట్టి, కాలు నిమరబోయాను. నాకూ పళ్లు చూపించింది. తలకాయను వాసనైనా చూడలేదు.

"మరిప్పుడేటంటావు?" అంది ఆవిడ. "నొప్పెడితే దానికి నువ్వొకటీ నేనొకటీ కాదే సెల్లీ. నీకోసం రానేదది, సల్లటి ఇసక కోసమొచ్చినాది. కాలు సూడు."

వేళ్ల సందుల్లో ఎర్రటి పగుళ్లు. ఉప్పునీళ్లు కొరికినవి. మా ఆయన పాదాలకూ ఆవిడ పాదాలకూ ఉండేవే. పొద్దుగూకగానే ఇద్దరూ కాళ్లు కడుక్కుని ఆముదం, పసుపు రాసుకునేవారు. వాళ్లతోబాటు అవే మళ్లలో తిరిగే కుక్కకూ కాళ్లున్నాయని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

నేను దాని మూతికి గుడ్డ చుట్టి పట్టుకున్నాను. ఆవిడ కడిగి ఆముదం రాసింది. పట్టుకున్నది నేను, అది చూస్తున్నది ఆవిడను.

"మానేదాకా నా ఎనకాల రానీకు. మళ్లీ ఉప్పునీట్లో దిగితే కాలే పోతాది. కట్టీ."

మర్నాడు వెలుగు రాకముందే కుక్కను కుండ పక్కనున్న నా గుంజకు కట్టాను. దానికి కనబడకుండా ఆవిడను పెరటిదారిన పొమ్మన్నాను. అయినా అది వాసన పట్టి, ఆవిడ వాకిలి వైపు చూస్తూ మూలిగింది. మాకు మంచినీళ్ల నుయ్యి దూరం. అంత దూరమూ పోయి ఇంకో బిందె తెచ్చి, అది పడుకున్న ఇసుక చుట్టూ నెమ్మదిగా పోశాను.